గల్ఫ్ నుంచి వచ్చిన అరబ్బీ క్యాసెట్లు, గోడ గడియారం: ఒకే హాల్లో రెండింటినీ పాడవకుండా అమర్చుకోవడం ఎట్లా?

జగిత్యాల, సిరిసిల్ల, మెట్‌పల్లి, నిజామాబాద్ దిక్కు నుంచి, ఇక్కడ హనుమకొండలో ఉన్నవాళ్ల నుంచి కూడా ఒకటే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. నాన్న సౌదీ నుంచో దుబాయ్ నుంచో తెచ్చిన అరబ్బీ పాటల క్యాసెట్లు పెట్టెడు ఉన్నాయి, ఫోన్లోకి ఎక్కించుకోవాలి, ఎట్లా? దాని వెనకాలే ఇంకో ప్రశ్న కూడా వస్తుంది: అప్పుడే తెచ్చిన బంగారు రంగు గోడ గడియారం ఆగిపోయి ఉంది, దాన్ని నడిపించి హాల్లో పెట్టుకోవచ్చా?

రెండూ కలిపి రాయడానికి కారణం ఉంది. చివరికి రెండూ ఒకే హాల్లోకి చేరతాయి, చేరాక ఒకదాన్ని ఒకటి చెడగొడతాయి. స్పీకర్ అయస్కాంతం దగ్గరగా ఉంటే గడియారం ఆగుతుంది, డప్పు దెబ్బకు గడియారం అద్దం జర్రుమంటుంది, ఫోన్‌తో రికార్డు చేస్తే పాట వెనక టిక్ టిక్ వినిపిస్తుంది. అందుకే కింద చెప్పిన వరుస మార్చకుండా చేయండి. ముఖ్యంగా ప్లే బటన్ నొక్కే ముందు చేసే పనులను దాటేయకండి, క్యాసెట్లు ఎక్కువగా పాడయ్యేది ఆ తొందరలోనే.

1. పెట్టె తెరిచి ముందు వేరు చేయండి

సజ్జ మీద నుంచి దించిన క్యాసెట్లను ఆ రోజే ప్లే చేయకండి. మన ఎండాకాలంలో స్లాబు కింద వేడికి, వానాకాలంలో తేమకు అవి చాలా చూసి ఉంటాయి. గదిలో నీడపట్టున ఒక రోజంతా అలాగే ఉంచండి. వీలైతే ఈ పని మొత్తం డిసెంబరు, ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి, గాలి పొడిగా ఉంటుంది.

తర్వాత మూడు కుప్పలు చేయండి.

- మంచివి: టేపు సమంగా చుట్టి ఉంది, వాసన లేదు, కిటికీలోంచి చూస్తే టేపు కింద చిన్న ఫెల్ట్ దిండు కనిపిస్తోంది.
- రిపేరు కావలసినవి: ఫెల్ట్ దిండు ఊడిపోయింది, టేపు తెగింది లేదా మడత పడింది.
- బూజు పట్టినవి: చుట్ట అంచున తెల్లటి పొడి, ముక్కవాసన.

బూజు కుప్పను వేరే కవర్లో కట్టేసి పక్కన పెట్టండి. ఒక బూజు క్యాసెట్ పెట్టారంటే ఆ బూజు డెక్ (క్యాసెట్ ప్లేయర్) హెడ్‌కు, అంటే టేపును చదివే లోహపు ముక్కకు అంటి, అక్కడి నుంచి తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది. వాటిని అనుభవం ఉన్నవాళ్లకు ఇవ్వడమే మేలు, ఇంట్లో ముట్టుకుంటే మాస్కు తప్పనిసరి.

ఇప్పుడే ప్రతి క్యాసెట్‌కు ఒక నంబరు ఇచ్చి, రెండు వైపులా, కవరు లోపలి కాగితంతో సహా ఫోటో తీయండి. అరబ్బీ చదవడం రాకపోతే గూగుల్ లెన్స్‌తో చూస్తే పాడినవాళ్ల పేరు చాలావరకు దొరుకుతుంది. అయితే ఉమ్మ్ కుల్సూమ్, ఫైరూజ్, ముహమ్మద్ అబ్దూ లాంటి పెద్ద పేర్లు కవరు మీద ఉన్నా లోపల ఉన్నది అదే అని నమ్మకండి. కవర్లు మారిపోవడం, పైన వేరేది రికార్డు చేయడం ప్రతి ఇంట్లోనూ జరిగిందే.

ఇంకో మాట, ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం. ఫోన్లు ఖరీదుగా ఉన్న రోజుల్లో గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఉత్తరానికి బదులు క్యాసెట్‌లో మాట్లాడి పంపేవాళ్లు, ఇంటివాళ్లు కూడా అలాగే తిరిగి పంపేవాళ్లు. అట్లాంటి మాటలు చాలాసార్లు పాటల క్యాసెట్ చివర మిగిలిన ఖాళీలో ఉంటాయి. కాబట్టి పాట అయిపోయిందని ఆపేయకండి, రెండు వైపులా టేపు చివరిదాకా నడవనివ్వండి. బి సైడ్ ఖాళీ అని కవరు మీద రాసి ఉన్నా సరే.

2. కావలసిన సామాను

- పనిచేసే డెక్ లేదా టూ ఇన్ వన్ (రేడియో, క్యాసెట్ ప్లేయర్ కలిసిన సెట్టు). కొత్తగా అమ్ముతున్న చవక యూఎస్‌బీ వాక్‌మన్ లాంటివి వద్దు, వాటిలో టేపు వేగం నిలకడగా ఉండదు, పాట ఊగుతుంది.
- లాప్‌టాప్‌కు లైన్ ఇన్ (బయటి సెట్టు పాటను తీసుకునే రంధ్రం) లేకపోతే స్టీరియో ఇన్‌పుట్ ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే డెక్ పాటను లాప్‌టాప్‌లోకి పంపే చిన్న డబ్బా. లాప్‌టాప్ పక్కన ఉండే మైక్ రంధ్రంలో పెడితే చాలావాటిలో ఒకే చానల్ వస్తుంది, పైగా గొంతు చిట్లుతుంది.
- దానికి సరిపడే వైరు, ఒక హెడ్‌ఫోన్.
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఇయర్‌బడ్స్. మొబైల్ రిపేరు సామాను అమ్మే షాపుల్లో ఐపీఏ అని అడగండి.
- సన్నటి స్టార్ స్క్రూడ్రైవర్, పట్టకారు, ఆరు పలకల పెన్సిలు.
- టేపు అతికే స్ప్లైసింగ్ టేప్. సెల్లోటేప్ వద్దే వద్దు. దాని జిగురు కొన్నాళ్లకు కారి పక్క చుట్టకు అంటుకుంటుంది.

వరంగల్‌లో దొరకనివి హైదరాబాద్ పోయినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో వెతకండి.

గల్ఫ్ నుంచి వచ్చిన టూ ఇన్ వన్ అయితే ప్లగ్గు పెట్టే ముందు వెనక వోల్టేజీ స్విచ్ చూడండి. సౌదీలో చాలా ఇళ్లకు 127 వోల్టుల కరెంటు ఉండేది, స్విచ్ 110 దగ్గరో 127 దగ్గరో ఉండగా మన 230 ఇస్తే సెట్టు కాలిపోతుంది. స్విచ్ లేకుండా 110 లేదా 127 అని మాత్రమే రాసి ఉంటే వోల్టేజీ తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.

3. డెక్ శుభ్రం చేయడం

మూత తెరిచి ప్లే నొక్కితే హెడ్ ముందుకొస్తుంది. మెరిసే ఆ లోహపు ముఖాన్ని, పక్కనే తిరిగే సన్నటి స్టీలు కడ్డీని ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో తుడవండి. మొదటి బడ్ గోధుమ రంగుకు తిరుగుతుంది, అది రాలిన టేపు పూత. బడ్ తెల్లగా వచ్చేవరకు మార్చి మార్చి తుడవండి. నల్ల రబ్బరు రోలర్‌ను కొద్దిగా తడిపిన బడ్‌తో చాలు. నెయిల్ పాలిష్ తీసే ద్రవం, పెట్రోలు లాంటివి రబ్బరును తినేస్తాయి.

పూర్తిగా ఆరాక ఒక పనికిరాని క్యాసెట్ పెట్టి పది నిమిషాలు నడిపి చూడండి. పాట సాగదీసినట్లు వస్తే లోపలి బెల్టు వదులైంది, మార్పించాలి. టేపును నమిలితే రోలర్ గట్టిపడిందని అర్థం. మీ నాన్న గొంతు ఉన్న క్యాసెట్‌తో ఈ పరీక్ష చేయకండి.

4. క్యాసెట్‌ను సిద్ధం చేయడం

మొదట పైన అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులు విరిచేయండి. అవి లేకపోతే పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాత పాట చెరగదు.

పెన్సిలుతో చక్రాన్ని నాలుగైదు చుట్లు తిప్పి చూడండి. తేలిగ్గా తిరిగితే డెక్‌లో పెట్టి ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్లీ మొదటిదాకా వెనక్కి తిప్పండి. ఏళ్ల తరబడి కదలని టేపు పొరలు ఒకదానికొకటి పట్టేసి ఉంటాయి, ఇలా తిప్పితే వదులవుతాయి. సి 120 అని రాసి ఉన్నవాటిలో (ఆ అంకె రెండు వైపులా కలిపి నిమిషాలు) టేపు బాగా పలచన, డెక్ వేగంగా లాగితే సాగిపోతుంది, వాటిని పెన్సిలుతోనే తిప్పండి, విసుగొచ్చినా సరే.

ఫెల్ట్ దిండు ఊడితే పాట ఉన్నట్టుండి మూగబోతుంది, దూరం నుంచి వస్తున్నట్లు వినిపిస్తుంది. దీనికి బాగు తేలిక: ఐదు స్క్రూలు ఉన్న ఖాళీ క్యాసెట్ ఒకటి విప్పి, పాతదాన్ని కూడా బల్ల మీద పరుండబెట్టి విప్పి, రెండు చుట్టలనూ అలాగే ఎత్తి కొత్త డబ్బాలో పెట్టండి. ఎత్తే ముందు టేపు ఏ చిన్న చక్రం మీదుగా ఎలా పోతోందో ఫోటో తీసుకోండి. స్క్రూలు లేకుండా అతికించిన డబ్బా అయితే అంచు జాయింటులో సన్నటి బ్లేడు పెట్టి మెల్లగా విడదీయాలి, చుట్టకు బ్లేడు తగలకూడదు.

5. కలపడం, లెవల్ పెట్టడం

డెక్ లైన్ అవుట్ నుంచి ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌కు. టూ ఇన్ వన్‌కు లైన్ అవుట్ లేకపోతే ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి తీసుకోండి, వాల్యూమ్ మూడో వంతు దగ్గర పెట్టండి, బాస్ ట్రెబుల్ మధ్యలో ఉంచండి.

స్పీకర్ ముందు ఫోన్ పెట్టి రికార్డు చేయడం మాత్రం వద్దు. ఫ్యాను, కుక్కరు విజిలు, గోడ గడియారం అన్నీ పాటలో చేరిపోతాయి, చేరాక వాటిని విడదీయలేం.

లాప్‌టాప్‌లో శబ్దం రికార్డు చేసి దిద్దే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఈ పనికి చాలు. 48,000 హెర్ట్జ్, 24 బిట్, స్టీరియో పెట్టండి. ఈ లెక్కన గంటకు దాదాపు 1 జీబీ అవుతుంది, అంటే ఒక సి 60 క్యాసెట్‌కు 1 జీబీ. హార్డ్ డిస్కులో చోటు ముందే చూసుకోండి.

లెవల్ (రికార్డయ్యే శబ్దం ఎంత గట్టిగా ఉండాలన్నది) దగ్గర అరబ్బీ పాటకు ఒక ప్రత్యేకత ఉంది. ఊద్ (తీగల వాయిద్యం) ఒక్కటే మెల్లగా మొదలై, ఆ తర్వాత వయొలిన్లు, దర్బుకా (చేత్తో వాయించే డోలు) ఒక్కసారిగా పడతాయి. మెల్లని చోట చూసి లెవల్ పెంచితే దర్బుకా దెబ్బ దగ్గర చిట్లుతుంది, చిట్లిన శబ్దం మళ్లీ బాగుపడదు. కాబట్టి టేపు మధ్యలో బాగా గట్టిగా ఉన్న చోట వెతికి, అక్కడ మీటర్ మైనస్ 6 డీబీ (డెసిబెల్, శబ్దం కొలత) దాటకుండా పెట్టి, తర్వాత మొదటికి తిప్పుకోండి. పెట్టెలో మన పెళ్లిళ్ల మర్ఫా (డప్పుల మేళం) రికార్డింగులు ఉంటే ఇంకా తగ్గించి మైనస్ 10 దగ్గర పెట్టండి. మెల్లగా వచ్చినదాన్ని తర్వాత పెంచుకోవచ్చు.

గరగర తగ్గించే డోల్బీ స్విచ్ సంగతి: క్యాసెట్ మీద డోల్బీ గుర్తు ఉండి, డెక్‌లోనూ ఉంటేనే వేయండి. లేనిదానికి వేస్తే పై శబ్దమంతా దుప్పటి కప్పినట్లు అవుతుంది.

6. హెడ్ కోణం సరిచేయడం

శ్రద్ధగా చేసేవాళ్లు కూడా దీన్ని వదిలేస్తారు, కానీ ఖానూన్ అనే అరబ్బీ వాయిద్యం తీగల మెరుపు వినపడాలంటే ఇది చేయాల్సిందే. పాట మందంగా ఉంటే టేపు అరిగిందని అనుకుంటాం, చాలాసార్లు హెడ్ కోణం కలవకపోవడమే కారణం.

హెడ్ పక్కన స్ప్రింగు ఉన్న చిన్న స్క్రూ ఉంటుంది, చాలా సెట్లలో ప్లే అవుతుండగా దాన్ని అందుకోవడానికి రంధ్రం కూడా ఉంటుంది. ముందు స్క్రూ ఏ దిక్కున ఉందో పెన్నుతో గుర్తు పెట్టుకోండి. హెడ్‌ఫోన్లో వింటూ అటో ఇటో చుట్టులో ఎనిమిదో వంతు మెల్లగా తిప్పండి. ఒక చోట తీగలు, చప్పట్లు, స, ష లాంటి అక్షరాలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. అక్కడ ఆపండి. ఏ డెక్‌లో రికార్డు చేశారో దాన్నిబట్టి ఈ కోణం మారుతుంది కాబట్టి ప్రతి క్యాసెట్‌కూ మళ్లీ వినాలి, అంతా అయ్యాక గుర్తు దగ్గరికి తిప్పేయాలి.

7. రికార్డింగ్

ఒక వైపు మొత్తం ఒకే ఫైలు. పాట పాటకూ ఆపి మొదలుపెట్టకండి. లాప్‌టాప్‌లో వాట్సాప్ శబ్దాలు, నిద్రపోయే సెట్టింగు ఆపేయండి. రికార్డ్ ముందు నొక్కి, ఐదు సెకన్లయ్యాక ప్లే నొక్కండి. మొదటి ఐదు నిమిషాలు దగ్గర కూర్చుని వినండి, చక్రం ఎక్కడైనా పట్టేస్తే వెంటనే ఆపాలి. సి 90 అయితే వైపుకు 45 నిమిషాలు, అంటే రోజుకు మూడు నాలుగు క్యాసెట్లకు మించి పెట్టుకోకండి. ప్రతి రెండు మూడు క్యాసెట్లకు హెడ్ మళ్లీ తుడవండి.

ఉమ్మ్ కుల్సూమ్ కచేరీల్లాంటివి ఒక్కో పాట గంట దాకా కూడా నడుస్తాయి, అలాంటప్పుడు ఎ వైపు మధ్యలో తెగి బి వైపు కొనసాగుతుంది. అతికించేటప్పుడు జనం చప్పట్ల దగ్గరో, ఆమె ఊపిరి తీసుకునే చోటో కలపండి, వాయిద్యం మోగుతుండగా కలిపితే తెలిసిపోతుంది. అతికించని రెండు ఫైళ్లనూ అలాగే దాచండి.

8. వేగం, శ్రుతి చూడటం

టేపు వేగం తప్పితే శ్రుతి కూడా తప్పుతుంది. కానీ అరబ్బీ పాటలో శ్రుతి తప్పిందో లేదో మన చెవి ఊరికే చెప్పలేదు. రాస్త్ మకామ్‌లో (మకామ్ అంటే మన రాగం లాంటిది) గాంధారం మన సాధారణ గాంధారానికి, అంతర గాంధారానికి సరిగ్గా మధ్యలో పడుతుంది. బయాతీలో రిషభం శుద్ధ రిషభానికి, చతుశ్రుతి రిషభానికి మధ్యన ఉంటుంది. హిజాజ్ మాత్రం మనకు వెంటనే పట్టుబడుతుంది, కింది నాలుగు స్వరాలూ మాయామాళవగౌళలో ఉన్నట్లే ఉంటాయి. అపస్వరం అనిపించిందని శ్రుతి దిద్దే ప్లగిన్లు వేశారంటే ఆ మధ్య స్వరాలన్నీ పక్కకు జరిగి పాట చచ్చిపోతుంది. వాటి జోలికి పోకండి.

వేగం తెలుసుకోవడానికి తేలికైన దారి: అదే రికార్డింగ్ అధికారికంగా ఆన్‌లైన్లో ఉంటే రెండింటి నిడివి పోల్చండి. అక్కడ 10 నిమిషాలు ఉన్నది మీ దగ్గర 9 నిమిషాల 42 సెకన్లకే అయిపోతే మీ డెక్ దాదాపు 3 శాతం వేగంగా తిరుగుతోంది.

పోల్చడానికి ఏమీ లేని ఇంటి రికార్డింగులకు కరెంటు హమ్మింగ్ పనికొస్తుంది. కరెంటు మీద నడిచిన సెట్టులో రికార్డు చేస్తే దాని సన్నటి గుమ్మనే శబ్దం టేపులో చేరుతుంది. దుబాయ్, కువైట్, ఖతర్, ఒమన్‌లో కరెంటు మనలాగే 50 హెర్ట్జ్, సౌదీలో మాత్రం 60. మాటలు లేని చోట కొన్ని సెకన్లు ఎంచుకుని ఆడాసిటీలో ప్లాట్ స్పెక్ట్రమ్ (ఏ హెర్ట్జ్ దగ్గర శబ్దం ఎంత ఉందో చూపే గ్రాఫ్) తెరిచి, సైజు 65536 పెట్టి చూడండి. దుబాయ్ టేపులో శిఖరం 50 దగ్గర కాకుండా 51.5 దగ్గర ఉంటే వేగాన్ని 2.9 శాతం తగ్గించాలి. అయితే మీ ఇంటి కరెంటు హమ్మింగ్ కూడా 50 దగ్గరే వస్తుంది, ఏది ఎవరిదో తెలియదు. అందుకని ఈ పరీక్షకు టూ ఇన్ వన్‌ను కొత్త సెల్స్ మీద, లాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడపండి. పాత సెల్స్ వద్దు, వాటితో మోటారే నెమ్మదిస్తుంది.

సరిచేసేటప్పుడు వేగం, శ్రుతి రెండూ కలిసి మారే ఎఫెక్ట్ వాడండి. ఒక్క శ్రుతిని లేదా ఒక్క టెంపోను మార్చేది వాడితే తప్పు సగమే దిద్దినట్లు అవుతుంది.

9. గరగర తీయడం, దాచడం

గరగర పూర్తిగా పోవాలని పట్టుబట్టకండి. నాయ్ వేణువులో ఊపిరి శబ్దమే సగం అందం, నాయిస్ రిడక్షన్ గట్టిగా వేస్తే అదే ముందు పోతుంది. 6 డీబీకి మించి తగ్గించకండి. మాటల క్యాసెట్లకు అది కూడా వద్దు, మాట అర్థమైతే చాలు.

- దిద్దని అసలు ఫైలు: వేవ్ రూపంలో, క్యాసెట్ నంబరు, వైపు, తేదీతో.
- దిద్దినది: వేవ్ ఒకటి, ఫోన్లో వినడానికి ఎంపీ3 ఒకటి.
- కాపీలు రెండు వేరు డిస్కుల్లో, ఒకటి వేరే ఇంట్లో. చెల్లె ఇంట్లోనో తమ్ముడి ఇంట్లోనో.

క్యాసెట్లను పారేయకండి. పుస్తకాల్లా నిలబెట్టి, సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టి, గది అల్మారాలో ఉంచండి. ఇది ఇంట్లో వినడానికి చేసుకున్న కాపీ మాత్రమే. కంపెనీ పాటలను యూట్యూబ్‌లో పెట్టకండి.

10. గడియారాన్ని లేపడం

ముందు వెనక తిప్పి చూడండి. ప్లగ్గు వైరుతో నడిచే సౌదీ గడియారమైతే ఆశ తగ్గించుకోండి. అలాంటివి చాలావరకు కరెంటు తరంగాలను లెక్కపెట్టుకుని నడుస్తాయి, 60కి చేసినది మన 50 మీద గంటకు 10 నిమిషాలు వెనకబడుతుంది. ఎవరూ దాన్ని రిపేరు చేయలేరు, ఎందుకంటే అందులో చెడిపోయింది ఏమీ లేదు. డయల్, ముళ్లు ఉంచుకుని లోపల సెల్ మిషన్ మార్పించడమే దారి.

సెల్ గడియారమైతే సెల్ అరలో తెల్ల లేదా పచ్చ పొడి ఉందేమో చూడండి. ఉంటే మిషన్ బయటకు తీసి, బడ్ మీద ఒక చుక్క వెనిగర్‌తో తుడిచి, ఆరాక సన్నటి గరుకు కాగితంతో రాయండి. అయినా నడవకపోతే మిషన్ మార్చండి, ఖర్చు తక్కువే. కొనేటప్పుడు రెండు సంగతులు చూడాలి. ఒకటి, డయల్ మందానికి సరిపడే ఇరుసు పొడవు, పాత మిషన్ పట్టుకుని పోతే గడియారాల షాపతను చూసి ఇస్తాడు. రెండోది, టిక్ టిక్ అనకుండా జారుతున్నట్లు తిరిగే స్వీప్ మిషన్ అడగండి. పాటలు వినే హాలుకు అదే సరి.

ముళ్లు పెట్టేటప్పుడు గంటల ముల్లు, నిమిషాల ముల్లు రెండూ 12 మీదే నొక్కాలి. తర్వాత గోడకు తగిలించక ముందే చేత్తో పన్నెండు గంటలూ తిప్పి, ముళ్లు ఎక్కడా రాసుకోవడం లేదని చూడండి. కీ ఇచ్చే, గంటలు కొట్టే పాత గడియారాన్ని మాత్రం వెనక్కి తిప్పకండి, ముందుకే తిప్పుతూ ప్రతి గంట దగ్గరా అది కొట్టడం అయ్యేదాకా ఆగండి.

డయల్ మీద అంకెలు అరబ్బీవైతే పిల్లలకు ఒకసారి చూపించండి: సున్నాలా ఉండేది 5, చుక్క అంటే సున్నా, వి ఆకారం 7, దాన్ని తలకిందులు చేస్తే 8.

పాత డయల్ పాడైపోయి ఉంటే నా సలహా పెంబర్తి ఇత్తడి రేకు పళ్లెం. హైదరాబాద్ రోడ్డు మీదే, జనగామ దగ్గర. మధ్యలో నగిషీ తక్కువగా, అంకెలకు చోటు వదిలి చేయమని చెప్పండి. రంధ్రం కొలతకు మిషన్ వెంట తీసుకెళ్లండి. ఇత్తడి ముళ్లు బరువు, మామూలు మిషన్ వాటిని 9 నుంచి 12 వైపు ఎత్తలేక వెనకబడుతుంది, అల్యూమినియం ముళ్లకు ఇత్తడి రంగు చాలు. లక్క పూత వేసిన ఇత్తడిని చింతపండుతో తోమకండి, పొడి బట్టతో తుడవండి.

11. హాల్లో ఏది ఎక్కడ

ముందు స్పీకర్ల చోటు, ఆ తర్వాతే గడియారం. స్పీకర్లను గోడకు ఒక అడుగు దూరంగా పెట్టి, హాలు మధ్యలో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టండి. టైల్స్ నేల, బోసి గోడలు ఉంటే టంగుమని తిరిగి వినిపిస్తుంది. నేల మీద కొత్తవాడ నేతగాళ్ల వరంగల్ దరీ ఒకటి పరిస్తే చాలావరకు తగ్గుతుంది, ఎదుటి గోడకు ఇంకొకటి వేలాడదీస్తే ఇంకా మంచిది.

గడియారం స్పీకర్లున్న గోడ మీద వద్దు, పక్క గోడ మీద పెట్టండి. స్పీకర్‌కు కనీసం మూడు నాలుగు అడుగుల దూరం ఉండాలి. పడమటి ఎండ పడే గోడ, వంటింటి పొగ తగిలే గోడ వదిలేయండి.

- ఎత్తు: గడియారం మధ్యభాగం నేల నుంచి దాదాపు 5 అడుగులు, సోఫా పైన అయితే సోఫా అంచు నుంచి కనీసం ఒక జానెడు పైకి.
- మేకు కొట్టకండి, ప్లాస్టరు రాలుతుంది. 6 ఎంఎం డ్రిల్, అదే సైజు ఫిషర్ (స్క్రూ బిగిసే ప్లాస్టిక్ గొట్టం), 35 ఎంఎం స్క్రూ. తేలిక ఇటుకల కొత్త ఫ్లాట్ అయితే ఆ ఇటుకలకు పనికొచ్చే ఫిషర్ అడగండి.
- డ్రిల్ చేసే ముందు స్విచ్ బోర్డుకు నిట్టనిలువుగా పైన లేదని చూసుకోండి, లోపల వైరు ఉంటుంది.
- వెనక మూడు చోట్ల ఫెల్ట్ ముక్కలు అతికించండి. ఇవి లేకపోతే దర్బుకా మోగినప్పుడు ఇత్తడి పళ్లెం కూడా మోగుతుంది.

లోలకం ఉంటే అసలైనదా, అలంకారానికా చూడండి. సెల్ మిషన్ గడియారంలో లోలకం ఊరికే ఊగుతుంది, దాన్ని పైకి కిందికి జరిపినా టైము మారదు. కీ గడియారంలో మాత్రం బిళ్లను కిందికి దించితే నెమ్మదిస్తుంది, పైకెత్తితే వేగం పెరుగుతుంది. టిక్‌కు, టాక్‌కు మధ్య ఎడం సమానంగా వినిపించేవరకు గడియారాన్ని అటూ ఇటూ ఒక వెంట్రుకవాసి జరుపుతూ నిలబెట్టాలి.

12. అజాన్ గడియారమైతే

నమాజు వేళలకు అజాన్ పిలుపు మోగించే ఈ గడియారాలు గల్ఫ్ నుంచి వచ్చినవాటిలో చాలా ఉంటాయి. ఊరు మార్చకుండా సెల్ వేస్తే రియాద్ వేళలకే మోగుతుంది. జాబితాలో వరంగల్ లేకపోతే అందరూ హైదరాబాద్ పెడతారు. వరంగల్ దాదాపు 79.6 డిగ్రీల రేఖాంశం, హైదరాబాద్ 78.5, డిగ్రీకి 4 నిమిషాల లెక్కన ఇది ఇంచుమించు నాలుగు నిమిషాలు ఆలస్యంగా మోగుతుంది. మామూలు రోజుల్లో ఏమో గాని రంజాన్‌లో సహరీ (తెల్లవారుజామున ఉపవాసానికి ముందు తినే భోజనం) దగ్గర ఆ నాలుగు నిమిషాలు చిన్న విషయం కాదు. అక్షాంశం 17.97, రేఖాంశం 79.6 విడిగా ఇచ్చే వీలుంటే అదే ఇవ్వండి, టైం జోన్ 5:30, సమ్మర్ టైమ్ ఆఫ్. వేళల లెక్క పద్ధతి ఉమ్ముల్ ఖురా (సౌదీ పద్ధతి) మీద ఉంటే కరాచీ పద్ధతికి మార్చండి, అస్ర్ (మధ్యాహ్నం తర్వాతి నమాజు) దగ్గర హనఫీ పెట్టండి. తర్వాత మీ మసీదు గోడ మీది వేళల పట్టికతో ఐదు పూటలూ పోల్చి, తేడా ఉంటే పట్టికకే కట్టుబడండి.

13. ఇంకా వచ్చే ఇబ్బందులు

*ఒకే చెవిలో పాట వస్తోంది.* వైరు సగమే దూరింది, లేదా మైక్ రంధ్రంలో పెట్టారు. రెండూ కాకపోతే హెడ్ మళ్లీ తుడవండి.

*పాట వెనక ఇంకో పాట తిరగబడి వినిపిస్తోంది.* హెడ్ ఎత్తు తప్పి అవతలి వైపు కూడా అందుకుంటోంది. కోణం స్క్రూతో ఇది పోదు, రిపేరు షాపుకు తీసుకెళ్లండి.

*పాట మొదలయ్యే ముందే సన్నగా అదే పాట వినిపిస్తోంది.* చుట్టలో ఒక పొర నుంచి పక్క పొరకు దిగిన నీడ అది. రెండు మూడు సార్లు ముందుకూ వెనక్కూ తిప్పితే కొంత తగ్గుతుంది.

*పాట పెట్టినప్పుడే గడియారం ఆగుతోంది.* స్పీకర్ ఇంకా దగ్గరగా ఉంది. ఇంకో రెండు అడుగులు జరిపి చూడండి.

*గడియారం వారానికి నిమిషాలు తప్పుతోంది.* మంచి సెల్ మిషన్ నెలకు 20 సెకన్లకు మించి తప్పదు. కొత్త పెన్సిల్ సెల్ వేసి, ఫోన్ టైముతో పెట్టి, వారం తర్వాత మళ్లీ ఫోన్‌తో పోల్చండి. అప్పటికీ తప్పితే ముళ్లు ఎక్కడో రాసుకుంటున్నాయి, విప్పి 12 దగ్గర నుంచి మళ్లీ పెట్టండి.